కోలుకున్న కోతి

మంగన జ్వరమంటే, అదే కోతిజ్వరమంటే, బిళిగోడు ఊళ్లో తెలియనివాళ్లు లేరు. అడవిలో కోతులు చచ్చి పడతాయి. వాటి ఒంటి మీది పిడుదులు ఆకుల్లోకి రాలి, ఆకులేరుకోవడానికి వెళ్లిన మనుషుల్ని పట్టుకుంటాయి. ఆ జ్వరంతో మంచం పట్టిన హూవప్ప చావు దాకా వెళ్లి వెనక్కి రావడం, అతని భార్య బంగారమ్మ చౌడమ్మ తల్లికి కోడిని కోసి మొక్కు తీర్చుకోవడం కిందటి వారం చూశాం. ఆ రోజుల్లోనే సాగర పట్నం చివర ఉన్న పరిశోధనశాలలో, అదే జ్వరం వచ్చి పూర్తిగా కోలుకున్న కెంపి అనే కోతి, వేరుశనక్కాయలు ఒలుచుకు తింటూ తింటూ బోనులోని కొమ్మ మీంచి జారి కిందపడింది. మర్నాటికి ప్రాణం విడిచింది. ఎందుకు పడిందో అక్కడి పశువుల డాక్టరు వనమాలకు అంతుపట్టలేదు. ఆమె బంగారమ్మకు చెల్లెలు.

ఈ ఉదయం ఎలుకల గది తలుపు తీసేదాకా అంతుపట్టలేదు.

ఆ గదిలో వరసగా రేకుడబ్బాలున్నాయి. ఒక్కో డబ్బాలో ఒక తల్లి ఎలుక, అది ఈనిన కూనలు. కెంపి చచ్చిపోయాక దాని ఒంట్లోంచి తీసిన ఒక్కో భాగాన్ని నూరి, ఆ రసాన్ని ఒక్కో డబ్బాలోని కూనలకు సూదితో ఎక్కించారు. ఒక డబ్బాకు నెత్తురు, ఒకదానికి ప్లీహం, ఒకదానికి కాలేయం, ఒకదానికి పేగు, ఒకదానికి మెదడు. ఏ డబ్బాలో కూనలు జబ్బు పడితే కెంపి ఒంట్లో వైరస్ ఆ భాగంలో దాక్కుని ఉన్నట్టు. ఎక్కించాక చేయగలిగిందల్లా రోజూ వచ్చి మూత తీసి చూడడమే.

వనమాల నెత్తురు డబ్బా తీసింది. కూనలు ఎర్రగా, బొద్దుగా తల్లి పొట్టకు అతుక్కుని పాలు తాగుతున్నాయి. ప్లీహం డబ్బాలోనూ అంతే. కాలేయం, పేగు, అన్నీ అంతే. చివరి డబ్బా మూత తీయగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. తల్లి ఒక మూలన ఒంటరిగా పడుకుని ఉంది. కూనలన్నిటినీ ఎదుటి మూలకు నెట్టేసింది. పక్కకు ఒరిగి పడున్న ఆ కూనల కాళ్లు గాలిలో ఊరికే కొట్టుకుంటున్నాయి. జబ్బు కూనకు తల్లి పాలివ్వదు. వనమాల అది చాలాసార్లు చూసింది, ఏసారీ తేలిగ్గా చూడలేకపోయింది.

మెదడు డబ్బా అది.

వనమాల అక్కడే స్టూలు మీద కూలబడింది. జ్వరం మంచి ఊపులో ఉండగా చచ్చిపోయిన కోతుల్ని ఇదివరకు చాలానే కోసింది. వాటి కథ వేరు. పిడుదు తొడ మీద కుడితే గజ్జలో బిళ్ల కడుతుంది. వైరస్ అక్కడ పెరిగి నెత్తుర్లో పడుతుంది. నెత్తుటితో పాటు ప్లీహానికీ, కాలేయానికీ, పేగులకూ పోతుంది. పేగులు చితికి విరేచనం నల్లగా అవుతుంది. ఆ కోతుల్లో నెత్తురు డబ్బాలోని కూనలే ముందు చచ్చేవి. కెంపి ఆ దశ దాటేసింది. దాని ఒళ్లు నెత్తురునీ ప్లీహాన్నీ పేగుల్నీ అన్నిటినీ కడిగేసుకుంది. అందుకే అంత హుషారుగా తిన్నది, తిరిగింది. ఈలోగా వైరస్ ఎప్పుడో మెదడెక్కి కూర్చుంది. పడిన రోజు పొద్దున దానికి జ్వరం చూసింది వనమాలే. ఒళ్లు చల్లగానే ఉంది.

పరిశోధనశాల పెద్ద డాక్టర్ ఫడ్నిస్ వెనక నుంచి వచ్చి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, డబ్బాలోకి తొంగి చూశాడు. పుణే మనిషి. ఈ అడవికి వచ్చి తల నెరిసింది. ఒకప్పుడు ఇక్కడే పని చేస్తూ ఈ జ్వరమే తెచ్చుకుని బతికాడు.

"మెదడొక్కటేనా?" అన్నాడు.

"ఒక్కటే సార్. మిగతావన్నీ శుభ్రంగా ఉన్నాయి. జ్వరం రెండోసారి తిరగబెట్టచ్చని ఆస్పత్రివాళ్లు చెబుతూనే ఉంటారు. కానీ కెంపికి జ్వరమే రాలేదు. పట్టు తప్పింది, అంతే. మనం చూస్తుండగానే."

"ఒక్క కోతి వనమాలా. ఒక్క కోతిని పట్టుకుని సూత్రం రాయలేం."

"రాయమనడం లేదు సార్. మా బావకీ కెంపికీ జ్వరం ఒకేసారి వచ్చింది. ఒకేసారి తగ్గింది."

ఫడ్నిస్ కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకున్నాడు. అది ఆయనకు అలవాటు. జ్వరం నుంచి లేచాక ఆ చెయ్యి ఏడాదిపాటు వణికిందనీ, సంతకం మారిపోయి బ్యాంకువాళ్లు నువ్వు నువ్వే కాదన్నారనీ నవ్వుతూ చెబుతుంటాడు.

"మీ బావ ఏం పని చేస్తాడన్నావు?"

"పోకచెట్లు ఎక్కుతాడు సార్. గెలలు కోస్తాడు."

ఆయన జేబులోంచి జీపు తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "సూత్రం సంగతి తర్వాత చూద్దాం. ముందు వెళ్లు."

*

బిళిగోడు దారంతా ఎర్రమట్టి. వనమాల ఎక్కడా ఆపకుండా నడిపింది. ఇంటికి వెళ్లేసరికి బంగారమ్మ గుమ్మం ముందు గోనెపట్టా మీద వక్కలు ఎండేస్తోంది. జీపు దిగుతున్న చెల్లెల్ని చూసి నవ్వింది.

"ఏమే, పనిరోజున వచ్చావు? కూర్చో, వేడి వేడి బియ్యపు రొట్టె ఉంది."

"బావేడక్కా?"

"తోటకెళ్లాడు. ఇంట్లో కూర్చుని కూర్చుని పిచ్చెక్కుతోందన్నాడు. నా మాట వింటాడా? మళ్లీ జ్వరం వస్తే అప్పుడు పడుకుంటాలే, రానిదానికి ఇప్పట్నించీ పడుకోవడమేమిటన్నాడు."

"ఒంట్లో ఎలా ఉంది?"

"బానే ఉంది. జ్వరం లేదు. నేనే చెయ్యేసి చూశాను." బంగారమ్మ లేచి చేతులు దులుపుకుంది. చెల్లెలి ముఖం చూశాక ఆమె గొంతు కాస్త తగ్గింది. "గంజి తాగలేదు పొద్దున. ఎండ కళ్లలో గుచ్చుతోందన్నాడు. తల బరువుగా ఉందన్నాడు. పడిశం పట్టిందేమో అనుకున్నా. ఏంటే మాలా?"

"తోటకి పద."

బంగారమ్మ వక్కలు అలాగే వదిలేసి, చెప్పులైనా తొడుక్కోకుండా జీపెక్కింది.

సుబ్రాయ హెగ్డే తోట లోయలో ఉంటుంది. గట్టు మీద నిలబడి చూస్తే పోకచెట్ల తలలు కళ్లకెదురుగా, మొదళ్లు ఎక్కడో కింద నీడలో ఉంటాయి. అక్కాచెల్లెళ్లు మెట్లు దిగి వెళ్లేసరికి హెగ్డే కాలువ పక్కన రాతి మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాసుకుంటున్నాడు. అప్పటికే కోసిన గెలలు చెట్ల కింద కుప్పగా ఉన్నాయి.

వనమాలను చూడగానే ఆయనకు విషయం సగం అర్థమైనట్టుంది. లేచి నిలబడ్డాడు.

"నేను రమ్మనలేదమ్మాయీ. గెలలు పండిపోతున్నాయన్న మాట నిజమే, అయినా వీడికి కబురు పెట్టలేదు. పొద్దున్నే తనే వచ్చి చెట్టెక్కే కాలిబందం తగిలించుకున్నాడు. వద్దంటే, ఈ తోట నా చేతుల మీద పెరిగిందయ్యా అన్నాడు. ఇంకేమనను?"

"ఎక్కడున్నాడు?"

హెగ్డే పైకి చూపించాడు. "అదుగో. మొదటి చెట్లు చకచకా కోశాడు. ఈ చెట్టు మీదికి మారాక ఆగిపోయాడు. చాలాసేపైంది. కబుర్లు మాత్రం చెబుతున్నాడు."

తోటలోని చెట్లన్నిటిలోకీ పొడుగైన చెట్టు అది. మట్టల కింద, గెల పక్కన, హూవప్ప చెట్టుకు కరుచుకుని ఉన్నాడు. మంచి రోజుల్లో అతను ఒక చెట్టెక్కితే మళ్లీ కిందికి దిగేవాడు కాదు. చెట్టును ఊపి, వంచి, పక్క చెట్టును అందుకుని దాని మీదికి మారిపోయేవాడు. అలా మధ్యాహ్నందాకా నేల మీద కాలు పెట్టేవాడు కాదు.

"బావా," అని పిలిచింది వనమాల.

"ఎవరదీ? మా కోతి డాక్టరమ్మా?" పైనుంచి గొంతు హుషారుగానే వచ్చింది. "ఏం మాలా, మీ దగ్గర కోతులైపోయాయా? చెట్టు మీదున్న ప్రతివాణ్ణీ పట్టుకుపోతారా ఏంటి?"

"దిగు బావా. మాట్లాడాలి."

"మాట్లాడు, వినపడుతోంది. మీ అక్క కూడా వచ్చినట్టుందే. నడక చప్పుడు పట్టాను. ఏమే బంగారీ, గంజి తాగలేదని ఊరేగింపుగా వచ్చారా?"

"దిగిరా, అప్పుడు చెబుతా నీ సంగతి," అంది బంగారమ్మ.

"అందుకే దిగనంటున్నా."

హెగ్డే చిన్నగా నవ్వాడు. వనమాల నవ్వలేదు. ఆమె చెట్టు మొదట్లోకి వెళ్లి తలెత్తి నిలబడింది. తోటలో మనుషుల మధ్య ఆ మాట అరిచి చెప్పాల్సి వస్తుందని ఆమె అనుకోలేదు.

"కెంపి చచ్చిపోయింది బావా."

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ హూవప్ప కెంపిని అడుగుతూనే ఉండేవాడు. మాకిద్దరికీ ఒకే ముహూర్తం అనేవాడు. నా జోడీ లేచిందా, తిన్నదా అనేవాడు. అది లేచి కూర్చుందని విన్నాకే తనకూ ధైర్యం వచ్చిందని బంగారమ్మతో అన్నాడు.

"అది బాగైపోయిందన్నావుగా?"

"అయింది. బాగా తిన్నది, ఆడుకుంది. జ్వరం కూడా లేదు. కొమ్మ మీద కూర్చునుండగా పట్టు తప్పి పడింది. ఎందుకో నాకు ఇవాళే తెలిసింది. జబ్బు ఒళ్లంతా వదిలేసి తలలో చేరింది. నీకూ అలాగే అయిందని అనడం లేదు బావా. కాకపోవచ్చు కూడా. తేలేదాకా నువ్వు చెట్టెక్కకూడదు. అంతే నేననేది."

హెగ్డే తమలపాకు చేతిలోనే ఉండిపోయింది. పైన మట్టలు గాలికి కదిలాయి. హూవప్ప మాట్లాడాడు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

"కింద ఎవరూ లేరుగా? పక్కకి జరగండి."

కొడవలి వచ్చి ఆకుల్లో పడింది.

"మాలా, చెట్లు రెండేసి కనపడుతున్నాయే. పక్క చెట్టు మీదికి మారదామని ఊపాను. ఏది అసలు చెట్టో, ఏది కాదో తెలీలేదు. ఒకదానికోసం చెయ్యి చాచాను, గాలి తగిలింది. అప్పట్నించీ దీన్నే పట్టుకునున్నా. కాసేపట్లో సర్దుకుంటుందేమోనని కబుర్లు చెబుతున్నా."

వనమాల పక్కకు చూసింది. బంగారమ్మ అరవలేదు, ఏడవలేదు. ముందుకు వచ్చి, రెండు చేతులతో చెట్టు మొదలును గట్టిగా పట్టుకుంది. ఆ చెట్టు కదలకుండా ఆపాలన్నట్టు పట్టుకుంది.

"ఇంకొకణ్ణి పైకి పంపిస్తాను," అన్నాడు హెగ్డే కంగారుగా.

"వద్దయ్యా," అని పైనుంచే అన్నాడు హూవప్ప. "ఇది ముసలి చెట్టు. ఇద్దరి బరువు ఆపదు."

"బావా, ఒక కన్ను మూసి చూడు," అంది వనమాల.

కాసేపాగి జవాబు వచ్చింది. "ఒకటే అయింది. కానీ గిరగిరా తిరుగుతోంది. కడుపులో తిప్పుతోంది."

"అయితే రెండూ మూసేయ్. కళ్లతో నీకేం పని? చెట్టు దిగడం నీ చేతులకీ కాళ్లకీ తెలీదా? చీకట్లో కూడా దిగుతానని గొప్పలు పోతావుగా."

"అది కల్లు తాగినప్పుడు చెప్పిన మాట."

"ఇవాళ నిజం చెయ్యి."

హూవప్ప కదల్లేదు. చెట్టును కరుచుకున్న చేతులు వణుకుతున్నట్టు కిందికే తెలుస్తోంది. అప్పుడు బంగారమ్మ మొదలుపెట్టింది. మామూలుగా, పెరట్లోంచి పిలిచినట్టు మాట్లాడింది.

"ఇదుగో, నా గొంతు వినపడే వైపుకి రా. కాలు కిందికి జార్చు. ఊఁ. చేతులు జార్చు. నన్ను చూడ్డానికి మా ఇంటికొచ్చిన రోజు ఏం చేశావు? మా నాన్న లేత వక్క కావాలంటే, పిల్లనైనా చూడకుండా చెట్టెక్కి కూర్చున్నావు. మీ పెద్దలు కాఫీ తాగి, మాటలన్నీ అయిపోయి, లేచి నిలబడ్డాక దిగావు. ఆ రోజే అనుకున్నాను, ఈ మనిషిని చెట్టు మీంచి దింపడానికే నా బతుకు సరిపోతుందని. కాలు జార్చు. చేతులు. సిగ్గేసి ఎక్కావని పెళ్లయ్యాక చెప్పావు. సిగ్గట సిగ్గు. ఊఁ, జార్చు."

హూవప్ప దిగుతున్నాడు. కాళ్లు ముడుచుకుని, బందాన్ని చెట్టుకు బిగించి, చేతులు దించి, మళ్లీ కాళ్లు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ముఖమంతా చెమట. సగం దూరం వచ్చాక ఎడమకాలు మాట వినడం మానేసింది. బందం జారిపోయింది. అతను చెట్టును రాసుకుంటూ మనిషెత్తు కిందికి జారాడు. ఛాతీ మీద చర్మం చీరుకుపోయింది. చేతులు మాత్రం విడవలేదు.

బంగారమ్మ గొంతు ఒక్క క్షణం ఆగింది.

"ఆపకు బంగారీ," అన్నాడు హూవప్ప, చెట్టుకు చెంప ఆనించి. "మాట్లాడుతుండు. నువ్వాపితే కింద ఎక్కడుందో తెలీడం లేదు."

ఆమె మళ్లీ అందుకుంది. అత్తగారు మొదటిసారి చేసిన చేపలపులుసు గురించి, వానాకాలంలో కారిన ఇంటికప్పు గురించి, నోటికొచ్చిందల్లా చెప్పుకుపోయింది. ఆ మాటల్లో కొన్నిటికి తలా తోకా లేదు. హూవప్ప ఆ మాటలు పట్టుకునే మిగతా చెట్టంతా దిగాడు. కాలికి నేల తగిలీ తగలకముందే మోకాళ్లు వంగిపోయాయి. అందరికంటే ముందు చేతులు చాచి పట్టుకున్నది సుబ్రాయ హెగ్డే. పనివాళ్లను ముట్టుకుంటే మళ్లీ స్నానం చేసే మనిషి ఆయన. హూవప్ప చెమట, నెత్తురు భుజానికంటుతుంటే రెండు చేతులా గుండెకు అదుముకుని, "పట్టుకున్నానురా, పట్టుకున్నాను," అంటూ అలాగే ఆకుల మీద కూలబడ్డాడు.

వనమాల బావను వెల్లకిలా పడుకోబెట్టింది. మెడ కింద చెయ్యి పెట్టి తల లేపబోయింది. మెడ వంగలేదు, చెక్కలా బిగుసుకుపోయి ఉంది. చేతులు ముందుకు చాచమంటే వేళ్లు వణికాయి. నుదురు చల్లగా ఉంది. బోనులో కెంపి నుదురు ఇలాగే చల్లగా ఉండటం గుర్తొచ్చి, ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.

"మందుందా?" అని అడిగింది బంగారమ్మ.

"లేదక్కా." అబద్ధం చెప్పడం వనమాలకు చేతకాలేదు. "ఆస్పత్రిలో సెలైన్ పెడతారు. కనిపెట్టుకుని చూస్తారు. ఊపిరికీ, మూర్ఛలకీ ఏమైనా అయితే దగ్గరుంటారు. చాలామంది లేస్తారు. మా పెద్ద డాక్టరు లేచాడు, ఇప్పుడు నన్ను రోజూ తిడుతున్నాడు."

"కొందరు లేవరు."

"కొందరు లేవరక్కా."

బంగారమ్మ తలూపింది. చీరకొంగు తడిపి మొగుడి ఛాతీ మీది నెత్తురు తుడిచింది. "పద. ఎత్తు," అంది.

నలుగురు పనివాళ్లు గోనెపట్టాలో వేసి గట్టెక్కించారు. జీపు వెనక సీటు మీద పడుకోబెడితే, బంగారమ్మ అతని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. హెగ్డే ఎవరూ పిలవకుండానే ముందు సీటులో ఎక్కాడు. ఆయన చొక్కా మీది నెత్తురు మరకను తుడుచుకోలేదు.

వనమాల గుంతలు తప్పిస్తూ నెమ్మదిగా నడిపింది. కుదిపితే నొప్పి. ఆలస్యమైతే ప్రమాదం. ఆమె మనసు ఆ రెంటి మధ్య నలుగుతోంది. ఊరి పొలిమేర దాటాక వెనక నుంచి సన్నగా మూలుగు వినిపించింది.

"బావా, నొప్పిగా ఉందా?"

"తల పగిలిపోతోంది. పర్లేదు." ఊపిరి తీసుకుని మళ్లీ అన్నాడు. "నువ్వు రాకపోతే ఈపాటికి పడేవాణ్ణి మాలా. చేతులు తిమ్మిరెక్కాయి. నవ్వుతూనే ఉన్నాగానీ, అయిపోయిందనే అనుకున్నా."

"ఇప్పుడు దిగావుగా. మాట్లాడకు, పడుకో."

దారికి రెండు వైపులా అడవి దగ్గరకొచ్చింది. హెగ్డే పెదవులు కదుపుతూ ఏదో స్తోత్రం చదువుకుంటున్నాడు. బంగారమ్మ మొగుడి జుట్టులో వేళ్లు పెట్టి మెల్లగా నిమురుతోంది.

"మాలా," అన్నాడు హూవప్ప మళ్లీ. గొంతు తగ్గించి, గుట్టు చెబుతున్నట్టు అన్నాడు. "ఒక్క మాట. ఇదంతా మీ అక్కకి చెప్పకు."

"ఏంటి బావా?"

"చెట్టు మీద ఇలా అయిందని మీ అక్కకి చెప్పకే. ఇంటి దగ్గర ఒక్కతే ఉంది. భయపడుతుంది."

అద్దంలో వనమాలకు అక్క చెయ్యి కనిపించింది. మొగుడి జుట్టులో ఆ వేళ్లు కదలడం మానేశాయి.

జీపు రోడ్డు పక్కకు తీసి ఆపింది. వెనక్కి తిరిగింది. హూవప్ప కళ్లు తెరిచే ఉన్నాడు. తన మీదికి వంగిన బంగారమ్మ ముఖంలోకి నేరుగా చూస్తున్నాడు. ఆ చూపులో భయం లేదు. పరాయి మనిషి ముందు ఉండే మర్యాద మాత్రం ఉంది.

వనమాల అడిగింది.

"బావా, ఒకటి చెప్పు. నీ తల ఎవరి ఒళ్లో ఉంది?"

హెగ్డే పెదవుల మీద స్తోత్రం ఆగిపోయింది. హూవప్ప భార్య ముఖాన్ని శ్రద్ధగా చూశాడు. జవాబు తప్పు చెబితే ఆ మనిషి నొచ్చుకుంటుందేమో అన్నట్టు, చాలాసేపు ఆలోచించాడు.